పాత పుస్తకముతో ధవళేశ్వరయాత్ర

తీర్థయాత్రకు బోవు ఇల్లాండ్రు వత్తులును, పసుపు కుంకుమలును, చెంబును సర్దుకొందురు. గడచిన కార్తికమాసమున ఒక ఆదివారమునాడు మేము ధవళేశ్వరమునకు బయలుదేరినపుడు వీనితోపాటు ఒక పాత పుస్తకమును గూడ గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకొంటిమి. అది కందుకూరి వీరేశలింగము పంతులుగారి ‘రాజశేఖర చరిత్రము’. పదునాలుగేండ్ల వయసున మేము ప్రాణముగా జూచుకొన్న పుస్తకమది. పెండ్లియై, బిడ్డలు పుట్టి, సంసారమున మునిగిన తరువాత ఇరువదేండ్లపాటు దానిని తెరువనైన తెరువలేదు.

మరల తెరచుటకు మా అమ్మాయి కారణము. దానికి ఈ యేడు పదమూడు నిండినవి. “నా వయసులో నీకు ఏ పుస్తకం ఇష్టమమ్మా?” అని అది యొకనాడడుగగా, మేము ఉత్సాహముతో పెట్టె తీసి ఈ పుస్తకము దాని చేతికిచ్చితిమి. అది మొదటి పుటలో నాలుగు పంక్తులు చదివి, “ఇది తెలుగేనా?” అనెను. మా మనసు చివుక్కుమన్నమాట నిజము. మావారు ఉపాధ్యాయులు గనుక నవ్వి, “పిల్లకు ఊరు చూపించి చదివించుము. చూచినదానిని గూర్చి చదువునపుడు భాష యంతగా అడ్డురాదు” అనిరి. ఆ మాట మాకు నచ్చినది. కథ మొదలగునది ధవళేశ్వరముననే గదా!

ఈ గ్రంథమును గూర్చి తెలియనివారికొఱకు రెండుమాటలు చెప్పెదము. పంతులుగారు దీనిని 1878లో తమ ‘వివేకవర్ధని’ పత్రికలో ప్రకటింప నారంభించిరి. పుస్తకరూపమున 1880లో వెలువడెను. తెలుగున తొలి నవల ఇదియే యని పెక్కుమంది చెప్పుదురు. నరహరి గోపాలకృష్ణమ సెట్టిగారి ‘శ్రీరంగరాజ చరిత్రము’ 1872 నాటిది గనుక దానికే ఆ పేరు చెల్లవలెననువారును గలరు. గోల్డుస్మిత్తు దొరగారి ఆంగ్లకథ యొకటి దీనికి ప్రేరణము. అయినను ఇందలి నది మన నది, ఇందలి మనుష్యులు మన యిరుగుపొరుగువారు. 1887లో ఈ పుస్తకమే ‘ఫార్చ్యూన్స్ వీల్’ అను పేర ఇంగ్లీషులోనికి మారి లండనులో అచ్చుపడెను.

కథ పెద్దాపుర ప్రభువుల నాటిది. ధవళేశ్వరమున రాజశేఖరుడను సంపన్నగృహస్థు, ఆయన భార్య మాణిక్యాంబ, కుమార్తెలు రుక్మిణి, సీత, కుమారుడు సుబ్రహ్మణ్యము. స్తోత్రములు చేయువారిని నమ్మి, బంగారము చేసియిచ్చెదనన్న బైరాగిని నమ్మి ఆయన సర్వము గోల్పోవును. కలిమి యున్ననాడు అరుగు దిగని చుట్టములు లేమి రాగానే ముఖము చాటుచేయుదురు. కాశికి బోయిన రుక్మిణి భర్త చనిపోయెనని వార్త వచ్చును. కుటుంబము యాత్రకు బయలుదేరగా రాజానగరపు దారిలో దొంగలు పడుదురు. చనిపోయినదని విడిచిపోయిన రుక్మిణి తెలివి తెచ్చుకొని, పురుషవేషము దాల్చి తన బ్రతుకు తాను కాపాడుకొనును. కడకు అందరును కలిసికొందురు. రుక్మిణి భర్తయు ప్రాణములతో తిరిగివచ్చును.

ఇక ఈ పుస్తకము మా చేతికి వచ్చిన విధము. మా తాతగారి చెల్లెలు ఒకరు మా పుట్టినింటనే యుండెడివారు. మేము చిన్నబామ్మగారని పిలిచెడివారము. ఆమెకు తొమ్మిదవయేట పెండ్లి జరిగెను. బాల్యవివాహములను నిషేధించు చట్టము 1929లో పుట్టి, మరుసటియేడు అమలునకు వచ్చియుండెను. అయినను ఫ్రెంచివారి యేలుబడిలోనున్న యానామునకు తరలిపోయి పెండ్లిండ్లు చేసికొనివచ్చుట ఆ కాలమున గోదావరి ప్రాంతపు కుటుంబములలో కలదు. చిన్నబామ్మగారి పెండ్లియు అట్టిదే. రెండేండ్లలో ఆమె పసుపు కుంకుమలు పోయినవి. తల బోడి చేసి తెల్లచీర కట్టించిరి. అటుపై డెబ్బదియేండ్లు ఆమె మా యింటి వంటయింటిలోను, తులసికోటకడను గడపెను. తాతగారు ఆమెకు చదువు చెప్పిరి. ఆమె చెక్కపెట్టెలో భారత భాగవతములతోపాటు ఈ పుస్తకము గూడ నుండెడిది. దానిని కొన్నది ఆమె తండ్రిగారు.

మాకు పదునాలుగేండ్లు వచ్చుసరికి ఆమె కన్నులకు శుక్లములు క్రమ్మినవి. మధ్యాహ్నము వంటయిల్లు కడిగిన తరువాత వసారాలో చాప పరచుకొని, మాచేత చదివించుకొనెడివారు. మాకు రుక్మిణియన్న వల్లమాలిన ప్రీతి. ఆడుపిల్ల యొంటరిగా మగవేషమున ఊళ్ళు తిరుగుట! దొంగలు! అడవి! రాత్రి! బైరాగి ప్రకరణములు, జ్యోతిషముపై పంతులుగారి విసురులు మాకు విసుగు. వానిని గబగబ చదివి రుక్మిణి యొద్దకు పరుగెత్తెడివారము. చిన్నబామ్మగారు అన్నియు శ్రద్ధగా వినెడివారు. భర్త పోయెనన్న వార్తవద్ద “మెల్లగా చదువు” అనెడివారు. కాని రుక్మిణి భర్త తిరిగివచ్చు ఘట్టము సమీపించగానే, “చాలులేవే తల్లీ, తరువాతిది నాకు తెలుసు” అని లేచి తులసికోటకడకు బోయెడివారు. ఎన్నిమారులు చదివినను అంతే. మంచి రసపట్టున లేచిపోవుచున్నారని మేము అలిగెడివారము. చివరి పుటలు మేమొక్కరమే చదువుకొని ఆనందబాష్పములు తుడుచుకొనెడివారము.

ఆమె పోయినపుడు మేము అత్తవారింట నుంటిమి. పుస్తకము మాకీయవలెనని చెప్పి పోయిరట.

ఇవన్నియు మనసులో పెట్టుకొని ఆ ఆదివారము వేకువజామున కోనసీమలోని మా యూరినుండి బయలుదేరి, రావులపాలెము, ఆత్రేయపురము మీదుగా కాలువగట్టు దారిని బొబ్బర్లంకకు వచ్చితిమి. అచ్చటినుండి ఆనకట్ట మీదుగా ధవళేశ్వరము చేరవచ్చును. మంచు విడిచినది. వరదలు తీసిన గోదావరి తేటపడి, నిండుగా, నెమ్మదిగా నుండెను. నాసికము చెంత త్ర్యంబకమున పుట్టి 1,465 కిలోమీటర్లు నడచివచ్చిన యీ తల్లి ఇచ్చటినే పాయలు చీలుటకు సిద్ధపడును.

1833 నాటి నందన కరువులో ఈ సీమ నది ప్రక్కనే యుండి అన్నములేక అలమటించెను. పిదప ఆర్థర్ కాటను దొరగారి పూనికతో 1847లో మొదలై 1852లో ఆనకట్ట పూర్తియైనది. నదిలోని లంకలను కలుపుకొని ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా దానిని కట్టిరి. ఇప్పుడు మనము నడచునది ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున కట్టిన క్రొత్త బ్యారేజి. దానికి కాటనుగారి పేరే పెట్టిరి. ఊరిలో ఆయన ప్రదర్శనశాల యున్నది. మా అమ్మాయి అచ్చటి పాత పనిముట్లను, నమూనాలను చూచుచు గంటసేపు కదలలేదు.

అచ్చట మాకొక సంగతి తోచినది. కథలోని రుక్మిణి స్నానము చేసిన గోదావరికి కట్ట లేదు. కథ వ్రాసిన పంతులుగారు చూచిన గోదావరికి కట్ట వచ్చి పాతికేండ్లు దాటినది. మేము చూచునది మఱియొక కట్ట. పుస్తకములోని యూరు వెదకికొని వచ్చినవారికి ఆ యూరు దొరకదు. కాని కొండ కదలలేదు. ధవళగిరిపై జనార్దనస్వామి కోవెలయు, మెట్లును ఉన్నచోటనే యున్నవి. మొదటి ప్రకరణమున పంతులుగారు వర్ణించిన కొండ యిదియే.

మెట్లెక్కి స్వామిని సేవించి, దీపము వెలిగించి, నది కనబడుచోట నీడ చూచుకొని కూర్చుంటిమి. దద్దోజనము తిని, పుస్తకము తీసి అమ్మాయిని చదువుమంటిమి. మావారు చెప్పినట్లే జరిగినది. కొండ యన్నచోట అది కొండను చూచెను, నది యన్నచోట నదిని చూచెను. తెలియని మాటను మమ్మడిగి ముందునకు సాగెను. పదిపుటలు చదువునప్పటికి నాలుక తిరిగినది. సాయంకాలమువరకు వంతులు వేసికొని, కొన్ని ప్రకరణములు విడిచి, కథ పట్టు తప్పకుండ చదివితిమి.

మాకు ఆశ్చర్యము గొలిపినదేమనగా, పుస్తకము మారిపోయినది! నాడు విసుగుపుట్టించిన బైరాగి నేడు మాకు దడ పుట్టించెను. ఇంటి బంగారము మాటలకు కరగి గడప దాటుట యెట్టిదో సంసారము చేసినవారికి గాని తెలియదు. నాలుగేండ్ల క్రిందట, సొమ్ము రెండేండ్లలో రెట్టింపగునని చెప్పిన యొక సంస్థవారిని నమ్మి, మేము మా రెండుజతల గాజులు అమ్మి కట్టితిమి. ఆ సంస్థ తలుపులకు తాళము పడినది. నాడు రాజశేఖరుడెంత అమాయకుడని నవ్వుకొన్న మేమే! బైరాగి కాషాయము విడిచి కోటు తొడిగికొన్నంతమాత్రమున పోల్చుకొనలేకపోతిమి.

మఱియు నాడు మేము మాణిక్యాంబను చూడనే లేదు. భర్త కొలువులో స్తోత్రపాఠకులు కూర్చున్నంతసేపు వారికి వండినది యెవరు? ఆస్తి పోయి బిడ్డలతో దారి పట్టినపుడు మూటలు కట్టినది యెవరు? పదునాలుగేండ్ల పిల్ల రుక్మిణిని చూచును, బిడ్డల తల్లి మాణిక్యాంబను చూచును. పుస్తకములోని అక్షరములు అవే.

కథ చివరకు వచ్చితిమి. రుక్మిణి భర్త తిరిగివచ్చెను. మేము నాటివలెనే కంటతడి పెట్టుకొనబోవుచుండగా అమ్మాయి పుస్తకము మూసి, “అమ్మా, ఆయన నిజంగానే చనిపోయివుంటే రుక్మిణి ఏమయ్యేది?” అని యడిగెను.

ఆ ప్రశ్న మాకు పదునాలుగేండ్ల వయసున తోచలేదు. తోచియుండినచో సమాధానము వెదకుటకు దూరము పోవలసినపని లేదు. చాపమీద మా యెదుటనే కూర్చుండెడిది. పుస్తకమును చేతిలోనికి తీసికొని చూచితిమి. మొదటి ప్రకరణముల అంచులు వ్రేళ్ళ రాపిడికి నలిగి మెత్తబడినవి. ఆ వార్త వచ్చు పుటలు మరియు నలిగినవి. చివరి ప్రకరణముల కాగితము మాత్రము కొత్తదానివలె నున్నది. మేము తప్ప ఆ పుటలు త్రిప్పినవారు లేరు. రుక్మిణి భర్త వచ్చెను. చిన్నబామ్మగారి భర్త రాలేదు. ఆమె వినదలచినది తనకథ గనుక, తన కథ ముగిసినచోట లేచిపోయెను. మేమో, రసపట్టు తెలియని ముసలమ్మ యనుకొంటిమి.

అమ్మాయికి నోటిమాటతో బదులు చెప్పుటకు మనసొప్పక, “పద, రాజమహేంద్రవరమున చూపించెదము” అని కొండ దిగితిమి. అచ్చటికి కొద్ది మైళ్ళే. దారిలో దానికి ఆ యూరి సంగతి యొకటి చెప్పితిమి. 1874లో పంతులుగారు ధవళేశ్వరపు పాఠశాలలో ప్రధానోపాధ్యాయులుగా నుండిరి. ఆ యేడే అక్కడ బాలికలకొక పాఠశాల తెరచిరి. అప్పటికి ఆయనకు ఇరువదియారేండ్లు. ఆడుపిల్లకు చదువు వచ్చినచో వైధవ్యము వచ్చునని భయపడు జనులున్న కాలమది.

రాజమహేంద్రవరమున పంతులుగారి యిల్లు నేటికిని స్మారకముగా నిలిచియున్నది. సన్నని వీథులలో అడుగుచు అడుగుచు పోతిమి. 1881 డిసెంబరు 11వ తేదీని ఆయన తమ యింట తొలి వితంతువివాహము చేయించిరి. వరుడు గోగులపాటి శ్రీరాములుగారు, వధువు గౌరమ్మగారు. పునర్వివాహమును చట్టము 1856లోనే ఒప్పుకొన్నది. ఆ యొప్పుదల కాగితముమీదినుండి దిగి ఈ యూరి పందిటిలోనికి వచ్చుటకు ఇరువదియైదేండ్లు పట్టినది. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి. వెలివేతకు జడిసి వంటవారు రాలేదు, నీళ్ళు మోయువారు రాలేదు. అప్పుడు పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరికి బోయి బిందెతో నీళ్ళు తెచ్చి, తామే వంటచేసిరి.

మేము అమ్మాయితో ఇట్లంటిమి: “చూచితివా! పుస్తకములో పంతులుగారు రుక్మిణి భర్తను బ్రతికించిరి. కథకులకు ఆ యధికారము కలదు. లోకమున పోయినవారిని బ్రతికించుట ఆయన తరము గాదు. అందుచేత పుస్తకము వెలువడిన మరుసటియేడే ఈ పందిరి వేయించిరి. నీవడిగిన ప్రశ్నకు ఆయన చెప్పిన సమాధానము పుస్తకములో లేదు. ఈ యింటిలో నున్నది.”

అది కొంచెముసేపు ఆలోచించి, “మరి మీ చిన్నబామ్మగారికి ఎవరూ వేయలేదేం పందిరి?” అనెను.

దీనికి మావద్ద సమాధానము లేదు. ఆమె భర్త పోవునప్పటికి ఆ పందిరి వేసి అరువదేండ్లకు దగ్గరగుచుండెను. చట్టము పుట్టి ఎనుబదియేండ్లు. ఈ పుస్తకము మా యింట నుండనే యున్నది. దానిని కొన్న ముత్తాతగారు పంతులుగారి వ్రాతలయందు భక్తిగలవారని, రుక్మిణి కష్టములు చదువునపుడు ఉత్తరీయముతో కన్నులు తుడుచుకొనెడివారని మా తాతగారు చెప్పగా విన్నాము. అట్టివారే తమ కూతురి తలమీద మంగలికత్తి పెట్టించిరి. ఆయన క్రూరులు కారు. వినికిడిని బట్టి మిక్కిలి దయగలవారే. పుస్తకమును చదివి మెచ్చుటకు ఒక మధ్యాహ్నము చాలును. దానిని మన గడపలోపలికి రానిచ్చుటకు నలుగురి నోళ్ళకు జడియని గుండె కావలెను. రాజ్యలక్ష్మమ్మగారి బిందె అట్టి గుండె. మా ముత్తాతగారి ఉత్తరీయము తడిసెనేగాని, ఆయన ఇల్లు కదలలేదు.

ఇన్నాళ్ళు మేమీ పుస్తకమును ప్రేమించితిమని చెప్పుకొనుచుంటిమి. మా ప్రేమయు ఆ ఉత్తరీయము వంటిదేనని ఆ యింటిముందు నిలుచుండి గ్రహించితిమి. చిన్నబామ్మగారు బ్రతికియున్నన్నాళ్ళు పెండ్లిపేరంటములకు ఆమెను వెనుకగదిలో కూర్చుండబెట్టుచుండిరి. మా పెండ్లినాడును అంతే. రుక్మిణికొఱకు ఏడ్చిన మేము, ఆ గదితలుపు తీసి “మీరు ముందు రండి” అని యొక్కమాట యనలేదు. ఆమె యక్షతలు తలుపుసందునుండి మామీద చల్లిరి.

ప్రొద్దు వాలినది. ఘట్టమునకు దిగితిమి. కార్తికదీపములు అరటిదొప్పలలో వరుసగా తేలిపోవుచున్నవి. 1900లో తెరచిన పాత హేవులాకు వంతెన, దానిమీద రైళ్ళు ఆగి పాతికేండ్లు దాటినను, స్తంభములతో నిలిచియేయున్నది. మెట్లమీద, మా ప్రక్కనే, ముదుసలి యొకామె బొట్టులేని నుదురుతో ఒంటరిగా దూరముగా ఒదిగి కూర్చుండెను. మేము మా దొప్పలలో నొకదానిని ఆమెకిచ్చి, “పెద్దమ్మగారూ, మా అమ్మాయి దీపము మీ చేతితో విడువుడు” అంటిమి. ఆమె మా ముఖము చూచి, “నాచేతనా తల్లీ?” అనెను. అమ్మాయి ఆమె చేయి పట్టుకొని నీటికడకు తీసికొనిపోయెను. ఇది పందిరి వేయుట గాదు. మాకు తెలియును. కాని తలుపు తీయుట మాత్రము ఎప్పటికైన మొదలుపెట్టవలసినదే.

సోదరీమణులారా! మీ పెట్టెలలోను పదునాలుగేండ్ల నాటి పుస్తకమొకటి యుండును. ఒకమారు తీసి చూడుడు. నాడు మీరెవరికొఱకు ఏడ్చితిరో, ఎవరిని చూడక దాటిపోయితిరో అది చెప్పును. వీలైనచో ఆడుపిల్లను ప్రక్కన కూర్చుండబెట్టుకొని చదువుడు. మనము దాటిపోయినచోట వారు ఆగి ప్రశ్న వేయుదురు.

తిరుగుదారిలో బస్సు ఆనకట్టమీదికి వచ్చునప్పటికి చీకటిపడినది. అమ్మాయి మా భుజముపై తలవాల్చి, పుస్తకమును ఒడిలో పెట్టుకొని నిద్రపోయెను. ఆనవాలు పెట్టిన పుట చూచితిమి. చివరి ప్రకరణమును అది మరల మొదటినుండి చదువుచున్నది.